పదేళ్లు దాటిన లాప్‌టాప్‌లో విండోస్ కాకుండా ఏం వేసుకోవచ్చు?

ప్రశ్న:

నా లాప్‌టాప్ 2014లో కొన్నది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. చదువుకునే రోజుల్లో నాన్నగారు కొనిచ్చారు, పక్కన పడేయడానికి మనసొప్పడం లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 (అది అడిగే భద్రతా చిప్) లేదు, ప్రాసెసర్ పాతది అంటోంది. బ్యాంకు పనులు కూడా దీంట్లోనే చేస్తాను కాబట్టి టెన్షన్‌గా ఉంది. విండోస్ బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్‌లంటూ లినక్స్, హైకు, రియాక్ట్‌ఓఎస్, ఫ్రీబీఎస్‌డీ అని నాలుగు పేర్లు చదివాను. చదివేకొద్దీ అయోమయం పెరిగింది. నాకు కావాల్సింది బ్రౌజర్, ఎక్సెల్ ఫైళ్లు, ప్రింటర్, తెలుగు టైపింగ్. ఏది వేసుకోమంటారు? ఉన్న ఫైళ్లు పోతాయేమోనని భయం.

జవాబు 1:

ముందు ఆ భయం సంగతి చెబుతాను. నేను మొదటిసారి లినక్స్ వేసినప్పుడు, డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్‌ను సరిగ్గా చదవకుండా నొక్కేశాను. మా అమ్మాయి మొదటి రెండేళ్ల ఫొటోలు అందులోనే ఉన్నాయి. కొన్ని బంధువుల ఫోన్లలో దొరికాయి, మిగతావి పోయాయి. అందుకే ఎవరడిగినా ఒకటే చెబుతాను: పాత డిస్క్ జోలికే వెళ్లకండి. ఒక 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ స్థానంలో పట్టే, దానికంటే వేగమైన డ్రైవ్) కొని, పాత డిస్క్ తీసి దాచిపెట్టి, కొత్తదాంట్లో వేసుకోండి. మీ విండోస్, మీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. పైగా మీ మెషీన్ నెమ్మదించడానికి ప్రాసెసర్ కంటే ఆ హార్డ్ డిస్కే పెద్ద కారణం అయ్యుంటుంది.

ఇక హైకు. నాకు దీనిమీద ప్రత్యేకమైన ఇష్టం. 90లలో వచ్చిన బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మూతపడ్డాక, దాన్ని ఇష్టపడ్డవాళ్లు 2001లో మళ్లీ మొదటినుంచి రాయడం మొదలుపెట్టారు. ఇంకా బీటాలోనే, అంటే పరీక్షల దశలోనే ఉంది, ఐదో బీటా 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. నా పాత నెట్‌బుక్‌లో వేస్తే, బటన్ నొక్కి కుర్చీ సర్దుకునేలోపు డెస్క్‌టాప్ వచ్చేసింది. రెండు వేర్వేరు ప్రోగ్రాముల విండోలను ఒకదానిమీద ఒకటి పెట్టి, ట్యాబులుగా కలిపేసుకోవచ్చు. ప్రతి మెయిల్ ఒక ఫైలే. పంపినవారు, తేదీ, విషయం అన్నీ ఆ ఫైలుకే అతికి ఉంటాయి, ఫైళ్లు వెతికే చోటే మెయిళ్లూ దొరుకుతాయి. ఇంత శుభ్రమైన ఆలోచన మిగతా సిస్టమ్‌లలోకి ఎందుకు రాలేదా అని ఇప్పటికీ బాధపడతాను. కానీ ఆ నెట్‌బుక్‌లో వైఫై రాలేదు, బ్రౌజర్ కొన్ని సైట్ల దగ్గర తడబడింది. బ్యాంకు పనులకు దాన్ని నమ్ముకోమని చెప్పలేను. ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, తీరిక ఉన్న రోజు తప్పకుండా చూడండి.

రోజూ వాడటానికైతే లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్నది తీసుకోండి. 4 జీబీ ర్యామ్ సరిపోతుంది. 22వ వెర్షన్‌కు 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి వైఫై, సౌండ్, ప్రింటర్ అన్నీ చూసుకోవచ్చు. కనీసం రెండు రోజులు అలా వాడాకే నిర్ణయించుకోండి.

జవాబు 2:

రియాక్ట్‌ఓఎస్ పేరు చూసి ఆగాను. విండోస్ ప్రోగ్రాములు నేరుగా నడిపించాలనే దాని లక్ష్యం గొప్పదే, 90ల నుంచీ పనిచేస్తున్నారు. కానీ ఇప్పటికీ ఆల్ఫా దశే, అంటే బీటాకంటే ముందు దశ. వర్చువల్ మెషీన్‌లో (ఉన్న సిస్టమ్ లోపలే ఒక ప్రోగ్రాములా నడిపే కంప్యూటర్‌లో) చూడండి, అసలు పనికి వద్దు. ఫ్రీబీఎస్‌డీ గట్టిది, దాని హ్యాండ్‌బుక్ చదివే నేను చాలా నేర్చుకున్నాను. కాకపోతే డెస్క్‌టాప్ మీరే అమర్చుకోవాలి, మొదటి అడుగుకు అది బరువు.

జవాబు 3:

తెలుగు టైపింగ్‌కు మింట్‌లో ఐబస్ (వేర్వేరు భాషల్లో టైప్ చేయనిచ్చే ప్రోగ్రాము), దాంతోపాటు కీబోర్డు పద్ధతులిచ్చే ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోండి. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు అమరిక), ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి) రెండూ వస్తాయి. నేను ఆర్‌టీఎస్‌తోనే రాస్తాను. వేశాక ఒకసారి లాగవుట్ అయి లాగిన్ అవ్వండి, లేకపోతే లిస్టులో కనిపించకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మూడు రోజులుగా మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడుపుతున్నాను. మొదట వైఫై అసలు కనిపించలేదు, గుండె జారిపోయింది. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చి, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే బ్రాడ్‌కామ్ డ్రైవర్ చూపించింది. అది వేయగానే వచ్చేసింది. ప్రింటర్ దానంతటదే దొరికింది. నాన్నగారి లెక్కల ఎక్సెల్ ఫైళ్లు మింట్‌లో ఉన్న లిబ్రెఆఫీస్ అనే ఆఫీస్ ప్రోగ్రాములో తెరుచుకున్నాయి, అంకెలన్నీ సరిచూశాను. మ్యాక్రో (పనులు దానంతటదే చేసే చిన్న కోడ్) ఉన్న ఒక్క ఫైలు మాత్రం మొరాయిస్తోంది. ఎస్‌ఎస్‌డీ రాగానే పాత డిస్క్ తీసి దాచేస్తాను. ఆ మ్యాక్రోను లిబ్రెఆఫీస్‌కు ఎలా మార్చాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, కోడ్ ఇక్కడ పెడతాను.