అప్‌డేట్: తొమ్మిది బొమ్మల గ్రూపింగ్ లెక్క తేలింది

తొమ్మిది గడుల్లో బొమ్మలిచ్చి మూడేసి గడుల చొప్పున గుంపులుగా విడగొట్టమనే రీజనింగ్ ప్రశ్నల్లో ఆకారం, గీతలు ఏవీ కలవకపోతే ఏం చూడాలని అడిగాను కదా, దానికి అప్‌డేట్. సైజు చూడమని చాలామంది చెప్పారు గానీ పక్క గడిలోని బొమ్మతో పోల్చి చూస్తే ఏమీ తేలదు. అదే గడిలో ఉన్న రెండో బొమ్మతో పోల్చమని ఒక అన్న చెప్పాడు చూడండి, అదీ అసలు కిటుకు.

నన్ను ఏడిపించిన ప్రశ్నే తీసుకోండి, ప్రతి గడిలో ఒక నల్ల బొమ్మ, ఒక తెల్ల బొమ్మ. 1, 5, 7లో నల్లది పెద్దది, 2, 4, 9లో నల్లది చిన్నది, 3, 6, 8లో రెండూ సమానం, అంతే! వృత్తమా త్రిభుజమా అన్నది ఊరికే మనల్ని తిప్పడానికి.

ఇంకోటి, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర తీయించిన జిరాక్స్‌లో బొమ్మలు కుదించుకుపోయి సమానమైనవి కూడా తేడాగా కనిపిస్తున్నాయి, సైజు ప్రశ్నలకైతే ఫోన్లో పీడీఎఫ్ పెద్దది చేసుకుని చూడటమే మేలు. నేను రాసే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) మొదటి దశ టైర్-1లో రీజనింగ్ 25 ప్రశ్నలు, తప్పుకి అర మార్కు కోత, కాబట్టి మూడో గుంపు కూడా కుదిరాకే ఆప్షన్ పెడుతున్నాను. అద్దంలో ప్రతిబింబాల ప్రశ్నలు మాత్రం ఇంకా టెన్షనే, ఎవరికైనా ఒడుపు తెలిస్తే చెప్పండి.