విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, అద్దె ఇల్లు: హోమ్ జిమ్‌కి ఏం కొనాలి?

సెక్టార్7_సుబ్బు
జిమ్‌కి వెళ్లి రావడానికే గంట పోతోంది. సాయంత్రం ఏడు దాటితే స్క్వాట్ రాక్ (రాడ్ ఆనించే ఇనుప స్టాండ్) దగ్గర నలుగురు నిలబడి ఉంటారు. ఇంట్లోనే పెట్టేసుకుందాం అనిపిస్తోంది. ఎంవీపీలో మూడో అంతస్తు, అద్దె. చిన్న బెడ్‌రూమ్ ఖాళీగా ఉంది, పదిన్నర అడుగుల పొడవు, పది వెడల్పు. బడ్జెట్ 45 వేలు, లాగితే 50.

ఆన్‌లైన్‌లో 50 కిలోల కాంబో సెట్ 5 వేల లోపే కనిపిస్తోంది. ప్లేట్లు, ఐదడుగుల రాడ్, కర్ల్ రాడ్, గ్లవ్స్, స్కిప్పింగ్ తాడు కూడా ఇస్తాడట. అది తీసుకుని, విడిగా ఒక స్క్వాట్ రాక్ కొంటే సరిపోతుందా? ఇప్పుడు స్క్వాట్ (భుజాల మీద రాడ్‌తో గుంజీలు) 80 కిలోలు, డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి రాడ్ ఎత్తడం) 110, బెంచ్ (పడుకుని ఛాతీ మీంచి రాడ్ పైకి నెట్టడం) 60 చేస్తున్నాను. మా ఆవిడది నైట్ షిఫ్ట్, కాబట్టి ఇంట్లో ఒక్కడినే చేసుకోవాలి.

కొత్తరోడ్_కుర్రాడు
ఆ కాంబో నేను రెండేళ్ల కిందట కొన్నాను గురూ. పైన ప్లాస్టిక్ తొడుగు, లోపల సిమెంటు లాంటి పొడి. బరువుకి తగ్గట్టు కాకుండా లావుగా ఉంటాయి, అందుకే నాలుగైదు ఎక్కించేసరికి రాడ్ చివర లాక్‌కి చోటుండదు. ఒక ప్లేటు కింద పెట్టేటప్పుడు అంచు తగిలి పగిలింది. ఆ బూడిద రంగు పొడి మంచం కింద దాకా పోయింది. "జిమ్ చేస్తున్నావా, తాపీ పనా?" అంది మా అమ్మ. బరువుకి రాడ్ వంగింది, మళ్లీ తిన్నగా రాలేదు.

గ్లవ్స్ బండి కడగడానికి పనికొస్తున్నాయి. తాడు మాత్రం బాగుంది, మా పాప ఆడుకుంటోంది.

గాజువాక_ఫిట్టర్
తమ్ముడూ, ఆగు. ఐదడుగుల రాడ్‌కీ రాక్‌కీ పొత్తు కుదరదు, ఈ సంగతి అమ్మేవాడు చెప్పడు.

ఒలింపిక్ రాడ్ పొడవు 2.2 మీటర్లు, అంటే ఏడడుగుల పైన, బరువు 20 కిలోలు. రెండు కాలర్ల మధ్య, అంటే చేతులు పట్టుకునే భాగం 131 సెంటీమీటర్లు. బయట దొరికే రాక్‌లు ఎక్కువ శాతం ఈ కొలత చూసుకునే చేస్తారు, వెడల్పు 120 చుట్టుపక్కల ఉంటుంది. నీ ఐదడుగుల రాడ్ మొత్తమే 152. ప్లేట్ల చోటు పోగా మధ్యలో మీటరు మిగిలితే గొప్ప. ఒక హుక్ మీద పెడితే రెండోది అందదు. ఆరడుగులవాటిలో కొన్ని మధ్య భాగం 131 ఉంచి చివర్లు పొట్టిగా చేస్తారు, అవి పడతాయి. టేపు పెట్టి కొలవకుండా డబ్బు ఇవ్వకు.

రెండోది హోల్. కాంబో ప్లేట్లకి చిన్న హోల్, 25 నుంచి 30 మి.మీ. దాకా ఉంటుంది. ఒలింపిక్ ప్లేట్లకి 50. ఇవాళ చిన్న హోల్‌వి కొని రేపు పెద్ద రాడ్‌కి మారితే ప్లేట్లన్నీ పాతసామాను కొట్టుకే. మొదటి రోజే 50లో దిగిపో.

సెక్టార్7_సుబ్బు
దండం అన్నా, రేపు ఆర్డర్ పెట్టేసేవాడిని. కానీ ఏడడుగుల రాడ్ నా గదిలో పడుతుందా?

గాజువాక_ఫిట్టర్
పదిన్నర అంటే 3.2 మీటర్లు. రాడ్ పోగా మీటరు. అటు అరమీటరు, ఇటు అరమీటరు. ప్లేటు పట్టుకుని పక్కకి దూరడానికి ఇరుకే, కానీ అవుతుంది. తలుపు ఎటు తెరుచుకుంటుందో, బీరువా ఎక్కడుందో చూసుకో. బూజుకర్ర ఒకటి అదే పొడవుకి తీసుకుని, రాడ్ అనుకుని రెండు రోజులు దాని చుట్టూ తిరుగు. నవ్వులాట కాదు, నేనలాగే చూసుకున్నాను.

ఇంకోటి, ఫ్యాన్. నిలబడి తలపైకి ఎత్తే ప్రెస్ చేసేటప్పుడు పెద్ద ప్లేటు రాడ్ మీద ఇంకో 22 సెంటీమీటర్లు పైకి ఉంటుంది. పొడుగువాళ్లకి రెక్కలు దగ్గరైపోతాయి. ఫ్యాన్ కిందికి రాకుండా రాక్ పక్కకి జరుపు, లేకపోతే ప్రెస్ కూర్చుని చెయ్యి.

లాసన్స్‌బే_వాసి
అందరూ కొలతలు చెప్తున్నారు, మన ఊరి అసలు విలన్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఉప్పుగాలి.

మా ఇంటికి సముద్రం నడిచి పది నిమిషాలు. మొదటి రాడ్ నల్లగా ముచ్చటగా ఉందని బ్లాక్ ఆక్సైడ్ పూత ఉన్నది కొన్నాను. సంక్రాంతికి ఊరెళ్లి పన్నెండు రోజులకి వచ్చాను. కిటికీ సగం తెరిచి వెళ్లాం. రాడ్ మీద చెయ్యి వేస్తే అరచేతికి ఎర్రటి పొడి అంటుకుంది, పట్టు కోసం గాట్లు పెట్టిన చోట సన్నగా కుంకుమ నింపినట్టు. పైపైన తుడిస్తే పోదు, గాట్ల లోపల ఉంటుంది.

అప్పుడు తెలివిగా కొబ్బరినూనె రాశాను. నాలుగు రోజులకి దుమ్మంతా పట్టి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలా జిడ్డు కట్టింది. దాన్ని వదిలించడానికి ఒక ఆదివారం పోయింది. ఇప్పుడు పద్ధతి ఇది: నైలాన్ బ్రష్‌తో గాట్ల వెంట రుద్దడం, కుట్టుమిషన్ ఆయిల్ నాలుగు చుక్కలు, పొడిబట్టతో పూర్తిగా తుడిచేయడం. వారానికోసారి, వానల్లో రెండుసార్లు. చెమట పట్టిన రోజు చెయ్యి కడుక్కునే ముందు రాడ్ తుడవాలి.

పూతల్లో బ్లాక్ ఆక్సైడ్ తుప్పుకి అన్నిటికన్నా ముందు లొంగుతుంది. జింక్ కొంచెం మేలు, హార్డ్ క్రోమ్ ఇంకా మేలు. స్టెయిన్‌లెస్ అన్నిటికన్నా మంచిది, ధర కూడా అలాగే ఉంటుంది. బీచ్‌కి ఇంత దగ్గరలో ఉండి డబ్బు ఒకచోటే ఎక్కువ పెట్టగలిగితే రాడ్ మీద పెట్టండి. బాల్కనీలో మాత్రం పెట్టకండి, షీట్ కప్పినా సరే. కింద తేమ చేరి ఇంకా పాడవుతుంది.

ఉక్కునగరం_పాతకాపు
ఉప్పుగాలి సంగతి నన్నడగండి. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను రోజు, నా సామాను కారు షెడ్డులో ఉంది. రేకు లేచిపోయింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఆ వారమంతా ఎవడు చూస్తాడు ప్లేట్లని? తర్వాత చూస్తే బెంచ్ బోల్టులు స్పానర్‌కి తిరగలేదు, కోసి తీయాల్సి వచ్చింది. పోత ఇనుము ప్లేట్లు మాత్రం వైర్ బ్రష్ పట్టి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన ఎనామిల్ వేస్తే ఇప్పటికీ పనిచేస్తున్నాయి. అందుకే పాత ఇనుప ప్లేట్లు సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే వదలకండి. సెకండ్‌హ్యాండ్ రాడ్ మాత్రం వద్దు. నేల మీద దొర్లించి చూడండి, వంపు ఉంటే ఎగిరెగిరి పడుతుంది.

యెండాడ_సివిల్
మూడో అంతస్తు అన్నారు కాబట్టి ఒక మాట. ఇళ్ల గదులకి మన ఐఎస్ 875 కోడ్ ప్రకారం చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల లైవ్ లోడ్ (మనుషులు, సామాను బరువు) తీసుకుని డిజైన్ చేస్తారు. మీ గది వైశాల్యానికి అది 1,900 కిలోలు దాటుతుంది. రాక్, ప్లేట్లు, బెంచ్, మ్యాట్లు, మీరు, అన్నీ కలిపి నాలుగు వందలు రావేమో. సరిగ్గా కట్టిన ఇల్లయితే కదలకుండా ఉన్న బరువుతో భయం లేదు. రాక్‌ని గది మధ్యలో కాకుండా, కింద బీమ్ ఉన్న గోడ వైపు పెట్టండి. పాత ఇల్లై, సీలింగ్ పెచ్చులూడి కమ్మీలు కనిపిస్తుంటే ఈ ఆలోచనే మానుకోండి.

అసలు గొడవ పడేయడంతో. 110 కిలోల డెడ్‌లిఫ్ట్ పైనుంచి వదిలితే కింది ఇంటివాళ్లు వాచ్‌మన్‌ని పంపరు, వాళ్లే వస్తారు. రబ్బరు టైల్స్ పలచనివి దండగ. ఆవుల షెడ్లలో వేసే రబ్బరు మ్యాట్లు దొరుకుతాయి, ఆరున్నర అడుగులు × నాలుగు, మందం 15 మి.మీ. పైనే. కింద 18 మి.మీ. ప్లైవుడ్, పైన ఇవి. మొదటి నెల వాసన ఉంటుంది. కిటికీ తీస్తే ఉప్పుగాలి, మూస్తే రబ్బరు వాసన, మీ ఇష్టం. ఏం వేసినా బరువుని చేత్తోనే దించాలి.

అద్దె ఇల్లు కాబట్టి పులప్ బార్ కోసం గోడకి రంధ్రాలు పెట్టకండి. గదుల మధ్యవి చాలావరకు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు, మనిషి వేలాడితే బోల్టు పట్టు వదులుతుంది. గుమ్మానికి తగిలించేవి మన లావు ద్వారబంధాలకి సరిగా కూర్చోవు. రాక్ పైకమ్మీయే పులప్ బార్‌గా ఉన్నది తీసుకోండి.

గాజువాక_ఫిట్టర్
రాక్ ఆటోనగర్‌లో చేయించుకో తమ్ముడూ. 60 × 60 బాక్స్ పైపు, 3 మి.మీ. మందం. మీటరు ఐదు కిలోల పైన తూగుతుంది, తూకం వేయించి చూడు. 2 మి.మీ. పైపు వేసి 3 అనేవాళ్లున్నారు. పైపు మూతులు మూయించు, లేకపోతే తేమ లోపల్నుంచి తింటుంది.

ఉక్కునగరం_పాతకాపు
దీనికి నేను ఒప్పుకోను. మా ఫ్రెండ్ అలాగే చేయించాడు. రెండు స్తంభాలకీ రంధ్రాలు విడివిడిగా వేశారు, కుడివైపు 4 మి.మీ. కింద. రాడ్ పెడితే ఒక పక్కకి జారేది. ప్రాణం మీదికి వచ్చే సామాను దగ్గర పొదుపేటి?

గాజువాక_ఫిట్టర్
రెండు పైపులూ కలిపి క్లాంప్ చేసి ఒకేసారి డ్రిల్ చేయించాలి సార్. ఆ పక్కన నిలబడకుండా టీ తాగడానికి వెళ్తే 4 ఏంటి, 10 కూడా వస్తుంది.

ఉక్కునగరం_పాతకాపు
అదే అంటున్నాను, నిలబడే ఓపిక లేనివాళ్లు రెడీమేడ్ కొనుక్కోవాలి. సుబ్బు ఒక్కడే చేస్తాడు కాబట్టి ఎక్కడ కొన్నా సేఫ్టీ ఆర్మ్స్ (రాడ్ చేజారితే ఆపే అడ్డకమ్మీలు) ఉండాలి. ఉత్త స్టాండ్లు వద్దే వద్దు. బెంచ్ మీద ఛాతీ ఎత్తి పడుకుంటే రాడ్ ఛాతీకి తగలాలి, ఛాతీ దించితే ఆర్మ్స్ మీద ఆగాలి, మెడ మీదికి రాకూడదు. ఆ రంధ్రం ఏదో ఖాళీ రాడ్‌తో చూసి పెయింట్ చుక్క పెట్టుకో.

సీతమ్మధార_అమ్మమ్మ
నాకు యాభై ఎనిమిది. మోకాలి నొప్పికి డాక్టరుగారు బరువులతో వ్యాయామం చెయ్యమంటే మొదలుపెట్టాను. మీ రాక్‌లు నాకు తెలియవు కానీ డంబెల్స్ గురించి చెప్తాను. మా అబ్బాయి మరతిప్పి బిగించే రకం తెచ్చాడు. చేస్తూ ఉండగా ఆ నక్షత్రం నట్టు కాస్త కాస్తగా వదులవుతుంది. ఒకసారి రెండున్నర కిలోల బిళ్ల నా పాదం పక్కన పడింది. అప్పటినుంచి ఆరు పలకల రబ్బరువే వాడుతున్నాను. 3, 5, 7.5 జతలు, 8 కిలోల కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు) ఒకటి. దొర్లిపోవు, బిగించక్కర్లేదు.

మా కోడలు రాడ్ కొనుక్కుంది, ఆడవాళ్ల రాడ్ వేరే ఉంటుందని అప్పుడే తెలిసింది. 15 కిలోలు, 25 మి.మీ. మందం. మగవాళ్లది 28 అట. మూడు మిల్లీమీటర్లే అయినా మా చేతులకి తేడా బాగా తెలుస్తుంది. సుబ్బూ, మీ ఆవిడ కూడా చేస్తుందేమో ఒకసారి అడుగు నాయనా.

కొత్తరోడ్_కుర్రాడు
అమ్మమ్మగారూ, మీరు గ్రేట్. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో 240 కిలోలతో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిగారు మన పక్క సిక్కోలు (శ్రీకాకుళం) ఆవిడే. మల్లయోధుడు కోడి రామమూర్తిగారి గడ్డ ఇది. ఇక్కడ కూర్చుని మేం ప్లాస్టిక్ ప్లేట్లు కొంటున్నాం.

సెక్టార్7_సుబ్బు
నెల తర్వాత అప్‌డేట్. రాక్ ఆటోనగర్‌లోనే చేయించాను, 13,500. డ్రిల్లింగ్ రోజు సెలవు పెట్టి పక్కనే నిలబడ్డాను (టీ అక్కడికే తెప్పించుకున్నాను). సేఫ్టీ ఆర్మ్స్ ఉన్నాయి, పైన పులప్ బార్. హార్డ్ క్రోమ్ రాడ్ 9,200. బెంచ్ 7,800. ఎక్కువ చూసి కొన్నది దీన్నే, ఎందుకంటే షాపులో మొదట చూపించిన దాని మీద కూర్చుంటే ఊగింది. ఆవుల మ్యాట్లు రెండు 4,600, ప్లైవుడ్ 1,850. రబ్బరు ప్లేట్లు కిలో 130 చొప్పున: 20వి రెండు, 10వి నాలుగు, 5వి రెండు, 1.25వి రెండు. ఆటో 900. మొత్తం 49,875. మిగిలిన 125తో మిషన్ ఆయిల్ కొన్నాను.

మా ఆవిడని అడిగాను అమ్మమ్మగారూ. ముందు డంబెల్స్‌తో మొదలుపెడతానంది, వాటి బడ్జెట్ ఆవిడదే.

ఒక అనుమానం. ప్లేట్లు బాత్రూమ్ మిషన్ మీద తూచాను. ఒక 20 ప్లేటు 19.2 చూపించింది, రెండోది 20.5. మార్చమంటే షాపువాడు "రబ్బరు అంతే సార్" అన్నాడు.

గాజువాక_ఫిట్టర్
ఆ మిషన్‌ని ముందు అనుమానించు. ప్లేటు నువ్వు పట్టుకుని ఎక్కి, ప్లేటు లేకుండా ఎక్కి, తేడా తియ్యి. అప్పుడూ కిలో పైన వస్తే షాపుకి తీసుకెళ్లి వాడి ఎదుటే తూకం పెట్టించు. ఈలోపు తేలిక పక్క 1.25 ప్లేటు ఒకటి ఎక్కువ వేసుకో.

కానీ 2.5 జత కొనలేదేం? 80 చేశావు, 82.5 చేశావు, ఆ తర్వాత నీ దగ్గరున్న ప్లేట్లతో వచ్చేది 90. ఏకంగా అంత దూకుతావా?

సెక్టార్7_సుబ్బు
అయ్యో. కాగితం మీద లెక్క వేస్తే నిజమే అన్నా. జత 650. ఆయిల్ బదులు అదే కొనాల్సింది.

లాసన్స్‌బే_వాసి
ఆయిల్ వద్దనకు. వచ్చేది అక్టోబర్.