పాత సెయిల్ బోటు మాస్ట్ తీగలు హైదరాబాద్‌లో ఎవరు చేసిస్తారు?

అందరికీ నమస్కారం. మాది అల్వాల్. ఈమధ్య చెన్నైలో పాత ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ కొని, ట్రైలర్ మీద ఇంటికి తెచ్చాను. 14 అడుగులది. మా ఆవిడ లెక్కలో మాత్రం అది పార్కింగ్‌లో పడి ఉన్న నీళ్ల తొట్టి.

అసలు టెన్షన్ మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) గురించే. దాన్ని నిలబెట్టే మూడు స్టీలు తీగల్లో ఒకదాని పోగులు కింది ఫిట్టింగ్ దగ్గర తెగి బయటికొచ్చాయి. నీళ్ల మీద అది పుటుక్కుమంటే మాస్ట్ నెత్తిన పడుతుంది. అందుకే మూడూ మార్చేద్దామనుకుంటున్నా. రాణీగంజ్‌లో అడిగితే 7×19 తీగ (19 పోగుల పాయలు ఏడు కలిపి పేనింది) చూపించారు. అది కప్పీల మీద తిరగడానికి బాగుంటుంది గానీ, బరువు పడితే సాగుతుంది. నాకు కావలసింది అంతగా సాగని 1×19 (19 పోగులు ఒకే పాయగా పేనింది) స్టెయిన్‌లెస్, 3 మిల్లీమీటర్లది. నగరంలో ఎక్కడైనా దొరుకుతుందా? తీగ చివర్లకి ఫిట్టింగులు ప్రెస్ చేసిచ్చేవాళ్లు ఉన్నారా? లేదంటే డైనీమా (చాలా గట్టి సింథటిక్ పోగు) తాడు వాడేయొచ్చా? మన ఎండకి ఎన్నాళ్లు ఆగుతుంది?

ఇంకోటి. వేడెక్కిన ట్రైలర్ హబ్‌ని (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) నీళ్లలో దించితే లోపలికి నీరు పీల్చుకుని బేరింగులు పాడవుతాయి కదా, మీరు ఎంతసేపు చల్లారనిస్తారు?

సెయిలింగ్ క్లబ్ సభ్యత్వం లేకుండా హుస్సేన్ సాగర్‌లో సొంత పడవ దింపనిస్తారా?