పినాంగ్‌లో నాలుగు రోజులు: వీధి తిండికీ నగర దర్శనానికీ పొత్తు కుదిరేదెలా?

ప్రశ్న: గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. సంక్రాంతి అయిపోయాక, జనవరి మూడవ వారంలో మేము నలుగురం మలేషియాలోని పినాంగ్ ద్వీపానికి వెళ్తున్నాము. నేను, నా భార్య, పదకొండేళ్ల మా అబ్బాయి, అరవై నాలుగేళ్ల మా అమ్మగారు. జార్జ్ టౌన్‌లో చూలియా వీధికి దగ్గరగా నాలుగు రాత్రులకు గది తీసుకున్నాము. అక్కడి వీధి తిండి గురించి వెళ్లి వచ్చినవారందరూ ఊరిస్తూ చెప్పారు. పైగా 2008లో మలక్కాతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఆ పాత పట్టణం నడిచి చూడగలిగేంత చిన్నదని విని ఈ ఊరినే ఎంచుకున్నాము.

ఇబ్బంది ఎక్కడంటే మా ఇంట్లో ఏ ఇద్దరి రుచీ కలవదు. అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు. నా భార్యకు చేపలు, రొయ్యలు ఉంటే చాలు. నేను గొడ్డుమాంసం తప్ప ఏదైనా తింటాను. అబ్బాయి ఎక్కడికి తీసుకువెళ్లినా నూడుల్సే అడుగుతాడు. రెండేళ్ల క్రితం వేరొక దేశంలో, కూరగాయలు మాత్రమే వేయమని చెప్పి తెప్పించిన అన్నంలో చేపల సాస్ పోశారని అమ్మగారు రెండు ముద్దలు తిన్నాక తెలిసింది. మిగిలిన మూడు రోజులూ ఆవిడ అరటిపళ్లతోనూ మేము వెంట తీసుకువెళ్లిన చేగోడీలతోనూ గడిపారు. ఆ సంగతి ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు నాకు గుర్తు చేస్తూనే ఉన్నారు.

రోజుకు ఆరేసి ప్రదేశాల చొప్పున నేనొక పట్టిక వేసుకున్నాను. ఆకలి వేసిన చోట ఆగి తినవచ్చునని నా ఆలోచన. ఆ పట్టిక చూసి మా స్నేహితుడు, "ఇలా తిరిగితే గోడలు చూసి వస్తావు, తిండి దొరకదు" అని నవ్వాడు. ఆ మాటలో నిజమెంత? అమ్మగారు నిశ్చింతగా తినగలిగినవి అక్కడ ఏమున్నాయి? మోకాళ్ల నొప్పి ఉన్న మనిషితో ఆ ఎండలో ఎంత దూరం నడవగలము? అక్కడ ఉంటున్నవారు, చూసి వచ్చినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: బయాన్ లెపాస్ బాటసారి

నమస్కారమండి. నేను ఏడేళ్లుగా పినాంగ్ విమానాశ్రయం దగ్గరి పారిశ్రామిక వాడలో ఉద్యోగం చేస్తున్నాను. మీ స్నేహితుడు అన్నది అక్షరాలా నిజం. ఇక్కడ ఒక్కొక్క బండివారిది సాధారణంగా ఒకే వంట, చాలామందికి ఒకే పూట. పొద్దున్న ఏడింటికి కాఫీ కొట్టు ముందు పొగలు కక్కుతూ కనిపించిన బండి పదకొండింటికి ఉండదు. సాయంత్రం అదే చోట మరొకరు మరొక వంటకు పొయ్యి వెలిగిస్తారు. సరుకు అయిపోతే ఆ పూటకు అంతే, వారంలో సెలవు రోజు కూడా ఎవరిది వారిదే. అందువల్ల ముందు తినవలసినవాటి వేళలు రాసుకుని, వాటి మధ్య దొరికే ఖాళీలలో గుళ్లనూ వీధులనూ సర్దుకోండి. ఆరు ప్రదేశాలు మూడుకు తగ్గుతాయి, నష్టమేమీ లేదు.

పొద్దుటి పూట కోపితియామ్ అనే పాతకాలపు కాఫీ కొట్లకు వెళ్లండి. కొట్టు ఒకరిది, లోపల అద్దెకు నిలిచిన బండ్లు వేరేవారివి. బల్లలు మాత్రం కొట్టు యజమానివి కాబట్టి, ఏ బండి దగ్గర తిన్నా పానీయం అతని దగ్గరే తీసుకోవడం మర్యాద. కూర్చున్న నిమిషానికే మనిషి వచ్చి ఏం తాగుతారని అడిగితే కంగారు పడవద్దు. కాఫీలో తియ్యటి చిక్కని డబ్బాపాలు పోస్తారు. పాలు వద్దనుకుంటే 'కోపి ఓ' అనండి, చక్కెర కూడా వద్దంటే 'కోపి ఓ కోసోంగ్' అనాలి.

మీ అబ్బాయికి నూడుల్స్ ఇష్టమన్నారు కాబట్టి చార్ క్వే తియావ్ వండే చోట పొయ్యికి దగ్గరగా నిలబెట్టి చూపించండి. నేను ఎప్పుడూ వెళ్లే బండి దగ్గర ఒక పెద్దమనిషి బొగ్గుల పొయ్యి మీద నల్లటి మూకుడు పెట్టి, వెల్లుల్లి, రొయ్యలు, వెడల్పాటి బియ్యపు నూడుల్స్ వేసి, సోయా సాస్ చిలకరించి, అన్నిటినీ ఒక పక్కకు నెట్టి, ఖాళీ అయిన చోట గుడ్డు కొట్టి, చివరగా పెసర మొలకలూ గుల్లచిప్పల మాంసమూ వేసి రెండుసార్లు తిప్పి దించేస్తాడు. అంతా రెండు మూడు నిమిషాల పని. ముందు పదిమంది ఎదురుచూస్తున్నా ఒక్కొక్క పళ్లెమే విడిగా వండుతాడు, ఎందుకంటే రెండు పళ్లేలకు సరిపడా వేస్తే మూకుడు వేడి తగ్గి నూడుల్స్ వేగవు, ఉడికిపోతాయి. ఆ మాడీ మాడని వాసనే దాని ప్రాణం. పంది కొవ్వుతో వండడం ఇక్కడ సంప్రదాయమని మీ ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి.

ఈ వంటల విషయంలో ప్రభుత్వానికి కూడా పట్టింపు ఎక్కువే. బండ్ల మీద స్థానిక వంటకాలను విదేశీ వంటవారు వండకూడదని 2016 నుంచి పినాంగ్‌లో నియమం ఉంది.

నాసి కందార్ సంగతి చెప్పకుండా ఉండలేను. తమిళ ముస్లింలు ఒకప్పుడు అన్నాన్ని ఒక కొసన, కూరలను మరొక కొసన వేలాడదీసుకుని భుజాన మోసుకుంటూ రేవు కూలీలకు అమ్మేవారు. మలయ్ భాషలో నాసి అంటే అన్నం, కందార్ అంటే మన కావడి. ఇప్పుడు కావడి పోయి అద్దాల వెనుక పళ్లేలు వచ్చాయి. నాలుగైదు కూరల పులుసులను కలిపి అన్నం మునిగేటట్లు పోయమనాలంటే 'బంజీర్' అనాలి, అంటే వరద. అయితే మీరు గొడ్డుమాంసం తిననన్నారు. గరిటెలు ఒక గిన్నెలోనుంచి మరొక గిన్నెలోకి వెళ్తుంటాయి కాబట్టి ఈ వరద మీకు పనికిరాదు. కోడి కూర ఒక్కటే విడిగా అడగండి.

జార్జ్ టౌన్ పాత వీధుల్లోనే 1801లో మొదలైన కపితాన్ కెలింగ్ మసీదు ఉంది. కెలింగ్ అన్న మాట మన కళింగం నుంచే వచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన నాకు ఆ బోర్డు మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు పులకరించింది. కానీ నేడు భారత సంతతివారిని ఆ మాటతో పిలవడం ఇక్కడ తిట్టు కిందే లెక్క. మసీదు పేరుగా తప్ప నోట రానివ్వకండి. అదే దారిలో కొద్ది నడకలోనే 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, చీనావారి కరుణాదేవి గుడి, 1833 నాటి మహామారియమ్మన్ కోవెల ఉన్నాయి. అమ్మగారితో ఒక పూటకు ఈ వీధి సరిపోతుంది.

ఎండకు ఉపాయం ఆ ఊరి కట్టడంలోనే ఉంది. పాత దుకాణాల ముందు పై అంతస్తు కిందుగా అయిదడుగుల నడవ వరుసగా సాగుతుంది. అయితే గడప గడపకూ ఎత్తు మారుతుంది, మధ్యలో మోటారు సైకిళ్లు అడ్డం ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి గంట నడక చాలు. పట్టణం లోపల క్యాట్ అనే ఉచిత బస్సు తిరుగుతుంది, దాన్ని వాడుకోండి.

సమాధానం: పప్పుచారు

గోదావరి గట్టు గారూ, మీ అమ్మగారి బాధ నాకు బాగా అర్థమైంది. మాది పూర్తి శాకాహార కుటుంబం, మా అత్తగారిని వెంటబెట్టుకుని దసరా సెలవులలో వెళ్లి వచ్చాము. అక్కడ మాంసం వద్దంటే సరిపోదన్నది మేము మొదటి రోజే నేర్చుకున్నాము. మలయ్ భాషలో 'దాగింగ్' వద్దంటే వారికి గొడ్డుమాంసమో మేకమాంసమో వద్దన్నట్లే వినిపిస్తుంది, కోడి వేయవచ్చునని అనుకుంటారు. ఆకుకూర వేపుడులో కూడా బెలాచన్ అనే పులియబెట్టిన రొయ్యల ముద్ద ఉంటుంది, కారప్పచ్చడిలోనూ అదే. కాబట్టి ఆయమ్, ఇకన్, ఉదాంగ్, బెలాచన్, తెలూర్, అంటే కోడి, చేప, రొయ్య, ఆ ముద్ద, గుడ్డు, ఈ అయిదింటినీ పేరు పేరునా వద్దని చెప్పాలి. నేను ఒక చీటీ మీద రాయించుకుని చూపించేదానిని.

అంతకంటే సులువైన దారి చీనా బౌద్ధుల శాకాహార కొట్లు. పసుపు బోర్డు మీద స్వస్తిక గుర్తో కమలమో కనబడితే వెళ్లి అడగండి. అక్కడి చీనావారు మాట్లాడే హొక్కియెన్ మాటలో శాకాహారం తినడాన్ని 'చియా చాయ్' అంటారు. ఆ రెండు ముక్కలూ మా అత్తగారికి కూడా వచ్చేశాయి. నిష్ఠగా ఉండేచోట ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. అయితే సోయాతోనూ గోధుమ పిండి బంకతోనూ చేప, కోడి, మేకమాంసం ఆకారాలు చేసి వండిపెడతారు. మా వారు ముచ్చటపడి తెచ్చిన పళ్లెంలో తోలు గీతలతో సహా చేపముక్క కనిపించేసరికి మా అత్తగారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. అది సోయా అని ఎంత చెప్పినా ఆ పూట ఆవిడ తెల్లన్నమే తిన్నారు. మీ అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

మేము వెళ్లినప్పుడు ఊరంతా పసుపు జెండాలు, శాకాహారపు బండ్లు. చీనావారు తమ తొమ్మిదవ నెల మొదటి తొమ్మిది రోజులు నవ చక్రవర్తి దేవతల పండుగ చేస్తారట. ఆ సంవత్సరం అది మన నవరాత్రులతో దాదాపు కలిసి వచ్చింది. అధికమాసాల లెక్క వల్ల కొన్ని సంవత్సరాలలో నెల తేడా వస్తుంది. మీకు ఆ అదృష్టం లేదు కానీ, చీనా పంచాంగంలో ప్రతి నెలా మొదటి రోజు, పదిహేనవ రోజు చాలామంది శాకాహారమే తింటారు.

వీధి తిండి విషయానికి వస్తే, ఆవిడ నిశ్చింతగా తినగలిగేవి తీపి పదార్థాలలో ఎక్కువ. చెందోల్ అంటే ఐసు పొడి మీద కొబ్బరిపాలు, ఎర్ర చిక్కుడు గింజలు, ఆకుపచ్చటి సన్నని పిండి పోగులు, పైన తాటిబెల్లం పాకం వంటి నల్లటి పాకం. మా పిల్లలు రోజూ తిన్నారు. పుతు మాయమ్ అన్నది ఇడియప్పమే, కొబ్బరి తురుమూ బెల్లమూ పెడతారు. రోటీ చనాయ్ పప్పుతో బాగుంటుంది, కానీ పిండిలో గుడ్డు కలుపుతారేమో అడగండి. అసలు కడుపు నిండడానికి లిటిల్ ఇండియా అనే భారతీయుల వాడలో అరటి ఆకు భోజనం ఉండనే ఉంది.

సమాధానం: గంగరావి చెట్టు

పై ఇద్దరూ చెప్పినవి ఉపయోగకరమైనవే కానీ, ఒక విషయంలో నేను విభేదిస్తున్నాను. నలుగురికీ నాలుగు రకాలు కావాలన్నప్పుడు, ఒక వంటకం కోసం ఒక వీధికీ మరొకదాని కోసం మరొక వీధికీ పెద్దావిడను తిప్పడం భావ్యం కాదు. సాయంత్రం గర్నీ డ్రైవ్ వంటి చోటికి వెళ్తే సముద్రం పక్కన ఒకే చోట పదుల కొద్దీ బండ్లు ఉంటాయి. ఒకరు బల్ల దగ్గర కూర్చుంటే మిగిలినవారు ఎవరికి కావలసినది వారు తెచ్చుకోవచ్చు. అక్కడ అంతా పర్యాటకుల కోసమేనని స్థానికులు పెదవి విరుస్తారు. వారి మాట కొంత నిజమే, అయినా మొదటి సాయంత్రానికి అది మంచి బడి.

రెండవ సంగతి. ఒకరోజు ఆయర్ ఇతామ్ వైపు కేటాయించండి. అక్కడి కెక్ లోక్ సీ ఆలయ నిర్మాణం 1890లో మొదలైంది. 1930లో పూర్తయిన ఏడంతస్తుల గోపురానికి అడుగు భాగం చీనా పద్ధతిలో, నడుము సయాం పద్ధతిలో, శిఖరం బర్మా పద్ధతిలో ఉంటాయి. పైనున్న 30 మీటర్ల కంచు విగ్రహం దాకా వాలు లిఫ్టు ఉంది కాబట్టి మోకాళ్లకు కొంత సుఖం. దిగి వచ్చాక మీరు, మీ శ్రీమతి అక్కడే ఆసామ్ లక్సా తినాలి. చేపను ఉడికించి చిదిమిన పులుపు పులుసులో లావుపాటి బియ్యపు నూడుల్స్, అనాస ముక్కలు, పుదీనా, అల్లపుజాతి పువ్వు తరుగు, చివరన ఒక చెంచా నల్లటి రొయ్యల పాకం. మన చేపల పులుసుకు మేనత్త కూతురిలా ఉంటుంది, కానీ మాటతీరు వేరు. పినాంగ్ కొండ కూడా అటే. 1923లో మొదలైన కేబుల్ రైలు మార్గంలో ఇప్పుడు కొత్త పెట్టెలు నడుస్తున్నాయి, పైన చల్లగా ఉంటుంది. శని, ఆదివారాలు మాత్రం వద్దు.

జనవరి మూడవ వారమన్నారు కాబట్టి తైపూసం అనే సుబ్రహ్మణ్యస్వామి పండుగ తేదీ చూసుకోండి. అది కొన్నిసార్లు జనవరి రెండవ సగంలో, కొన్నిసార్లు ఫిబ్రవరిలో వస్తుంది. లిటిల్ ఇండియా నుంచి వాటర్‌ఫాల్ రోడ్డు వైపు సుబ్రహ్మణ్యస్వామి రథం సాగుతుంటే దారిపొడవునా కొబ్బరికాయలు గుట్టలుగా కొడతారు. తన్నీర్ పందల్ అనే చలివేంద్రాలలో శాకాహార భోజనం ఉచితంగా పెడతారు. దారులు మూసేస్తారు కాబట్టి ఆ రోజు వేరే పని పెట్టుకోకండి. చీనా నూతన సంవత్సరం దగ్గరపడితే మాత్రం జాగ్రత్త. చాలా బండ్లు రోజుల తరబడి మూతపడతాయి.

గోదావరి గట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. పట్టికను చించివేసి కొత్తది రాశాను. మొదటి రోజు పొద్దున్న కాఫీ కొట్టు, తరువాత గుళ్ల వీధి, మధ్యాహ్నం అరటి ఆకు భోజనం, ఎండ పడినంతసేపు గదిలో నిద్ర, సాయంత్రం గర్నీ డ్రైవ్. రెండవ రోజు ఆయర్ ఇతామ్, కొండ. మూడవ రోజు పూర్తిగా అబ్బాయికి. 2012లో ఆర్మేనియన్ వీధి గోడ మీద నిజమైన సైకిలును కలిపి వేసిన పిల్లల బొమ్మను వాడు చూడాలట. నాలుగవ రోజు ఖాళీగానే ఉంచాను. ఇదంతా అమ్మగారికి చదివి వినిపిస్తే ఒక్కటే అడిగారు: అక్కడ పెరుగు దొరుకుతుందా?

పప్పుచారు

దొరుకుతుందండి. అరటి ఆకు భోజనంలో రసంతో పాటు అడిగితే పెరుగు ఇస్తారు. దుకాణాలలో కొనే డబ్బాలలో మాత్రం చక్కెర కలిపినవి ఎక్కువ, చదివి తీసుకోమనండి. ఊరగాయ తీసుకువెళ్తే నూనె కారకుండా రెండు కవర్లలో కట్టి, చేతి సంచిలో కాకుండా పెద్ద పెట్టెలో పెట్టండి. మా అత్తగారి మాగాయ సీసాను విమానాశ్రయంలో తనిఖీ దగ్గరే వదిలి రావలసివచ్చింది. మేము ఎక్కింది మన దేశంలోనే కాబట్టి ఆవిడ ఆ ఉద్యోగితో తెలుగులోనే అరగంట వాదించారు.