నాలుగు ఏంజెల్ చేపలకు ఎంత ట్యాంకు కావాలి? ఎత్తు చూడాలా, పొడవు చూడాలా?

కృష్ణలంక (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకులో చాలాకాలంగా గప్పీలను, మోలీలను పెంచుతున్నాము. మా అమ్మాయి ముచ్చటపడిందని ఈ మధ్య నాలుగు ఏంజెల్ చేప పిల్లలను తెచ్చి అందులోనే వదిలాము. తెచ్చినప్పుడు ఒక్కొక్కటి రూపాయి బిళ్లంత ఉండేవి. ఇప్పుడు పై రెక్క కొస నుంచి కింది రెక్క కొస దాకా మూడు అంగుళాలకు వచ్చాయి. ఆ ట్యాంకు వీటికి జీవితాంతం సరిపోతుందని అమ్మినవారు చెప్పారు గానీ, అవి పెరుగుతున్న తీరు చూస్తే నాకు ఆ మాట మీద నమ్మకం కుదరడం లేదు.

కొత్త ట్యాంకు చేయించాలని అనుకుంటున్నాము. మాది విజయవాడలో రెండో అంతస్తులోని అద్దె ఇల్లు. హాలులో గోడ పక్కన మూడున్నర అడుగుల చోటు ఉంది. 2×1×1.5 అడుగులది చాలా, 3×1×1.5 అడుగులది కావాలా, 3×1.5×1.5 అడుగులది అయితేనే మంచిదా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఏంజెల్ పొడవుగా కాక ఎత్తుగా పెరిగే చేప గనుక 2×1×2 అడుగుల నిలువు ట్యాంకు తీసుకొమ్మని మా బావగారి సలహా. ఒకసారి డబ్బు పెట్టాక మళ్లీ మార్చే పని లేకుండా ఏది ఎంచుకోవాలో, ఎందుకో తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

నీటితోట (సమాధానం):

నమస్కారమండీ. ముందుగా ఎత్తు లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ చేప విషయంలో లీటర్లకన్నా ముందు పరీక్షించవలసింది అదే. మన దుకాణాల్లో దొరికే ఏంజెల్ రకాలు దాదాపు అన్నీ స్కలారే అనే జాతి నుంచి పెంపకంలో వచ్చినవే. పూర్తిగా ఎదిగిన చేప శరీరం తోకతో కలిపి ఆరంగుళాల దాకా ఉంటుంది, పై రెక్క కొస నుంచి కింది రెక్క కొస దాకా కొలిస్తే ఎనిమిది అంగుళాలు దాటుతుంది. వెయిల్ రకమైతే రెక్కలు ఇంకా పొడవుగా సాగుతాయి.

ఇప్పుడు మీ అడుగు ఎత్తు ట్యాంకు సంగతి చూడండి. అడుగున రెండంగుళాల ఇసుక, పైన నీటికీ మూతకూ మధ్య ఒకటిన్నర అంగుళాల ఖాళీ తీసేస్తే చేపకు మిగిలేది ఎనిమిదిన్నర అంగుళాలు. పెద్దదైన ఏంజెల్ అందులో నిలబడితే కింది రెక్కలు ఇసుకను రాసుకుంటాయి, పై రెక్క నీటి మట్టాన్ని తాకుతుంది. ఎదిగే వయసులో అలాంటి చోట ఉంచిన చేపల రెక్కలు వంగిపోవడం, ఎదుగుదల మందగించడం మామూలుగా కనిపించేదే. అదే పద్దెనిమిది అంగుళాల ఎత్తయితే ఇసుకా ఖాళీ పోను పద్నాలుగున్నర అంగుళాలు మిగులుతాయి. కాబట్టి ఒకటిన్నర అడుగుల ఎత్తుకు తగ్గవద్దు.

ఎత్తు కుదిరాక చూడవలసింది నేల వైశాల్యం. అమెజాన్ పరీవాహక ప్రాంతంలో ఈ చేపలు నెమ్మదిగా పారే నీటిలో, మునిగిన చెట్ల వేళ్ల మధ్య, నీటి మొక్కల కాడల మధ్య తిరుగుతాయి. పలకలాంటి ఆ శరీరం, నిలువు చారలు ఆ కాడల మధ్య దాగడానికి పనికివచ్చేవే. చూడడానికి ఎంత నెమ్మదిగా కనిపించినా ఇవి సిక్లిడ్ కుటుంబానికి చెందినవి, పెద్దయ్యాక చోటు కోసం పోట్లాడుకుంటాయి. ఓడిన చేప పక్కకు తప్పుకోవడానికి దూరం కావాలి, ఆ దూరాన్ని ఇచ్చేది పొడవూ వెడల్పులే గాని ఎత్తు కాదు.

ఒక ఘనపుటడుగుకు సుమారు 28.3 లీటర్ల నీరు పడుతుంది. ఆ లెక్కన 2×1×1.5 అడుగులది 85 లీటర్లు, 3×1×1.5 అడుగులది 127 లీటర్లు, 3×1.5×1.5 అడుగులది 191 లీటర్లు. నాలుగు చేపలను చివరిదాకా ఉంచుకోవాలనుకుంటే మూడోదే తీసుకోండి. జత కట్టి సఖ్యంగా ఉన్న రెండు చేపలకు 127 లీటర్లది సరిపోతుంది. 85 లీటర్లది పిల్లలను కొన్ని నెలలు పెంచడానికి పనికివస్తుందే తప్ప మీ అవసరానికి తగినది కాదు.

గాజుపని (సమాధానం):

నేను ట్యాంకులు కట్టే పనిలో ఉన్నాను కనుక గాజు గురించి, బరువు గురించి చెబుతాను. అడుగున గాజు మీద పడే ఒత్తిడి నీటి లోతును బట్టి ఉంటుంది, లీటర్లను బట్టి కాదు. అందువల్ల ఎత్తు పెంచినప్పుడల్లా గాజు మందం గురించి ఆలోచించాలి. మూడడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల ఎత్తుకు 8 మి.మీ. గాజు వాడి, పై అంచున లోపలివైపు గాజు పట్టీలు తప్పనిసరిగా అతికించమనండి. ఖర్చు తగ్గుతుందని 5 మి.మీ. గాజుతో కట్టిస్తే ముందు పలక మధ్యలో ఉబ్బుతుంది, కొన్నాళ్లకు మూలల్లో సిలికాన్ వదులవుతుంది.

ఇక బరువు. 3×1.5×1.5 అడుగుల ట్యాంకుకు 8 మి.మీ. గాజు ఒక్కటే దాదాపు 33 కిలోలు తూగుతుంది. రెండంగుళాల ఇసుక మరో 34 కిలోలు, నిలిచే నీరు 160 కిలోల పైచిలుకు. స్టాండును కలపకుండానే 230 కిలోల దగ్గరికి వస్తుంది. ఇళ్లలోని గదులకు భారతీయ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారం లెక్కవేసి స్లాబు వేస్తారు. అది గదంతటికీ పరచుకున్న భారం లెక్క కనుక సరిగ్గా కట్టిన ఇంట్లో ఇంత ట్యాంకు గురించి భయపడనక్కర లేదు గాని, గది మధ్యలో పెట్టకుండా, కింద బీము ఉన్న గోడ పక్కన దాని వెంబడి పొడవుగా పెట్టండి. స్లాబుకు పగుళ్లో చెమ్మో ఉంటే మాత్రం ఇంజినీరుకు చూపించకుండా పెట్టవద్దు. అద్దె ఇల్లు కనుక యజమానికి ముందే ఒక మాట చెప్పడం మంచిది. స్టాండు మీద ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్ షీటు పరిచి, లెవెల్ చూసుకున్నాకే నీళ్లు పోయండి.

కృష్ణలంక:

ఇద్దరికీ ధన్యవాదాలు. బరువు గురించి నేను ఇంతవరకు ఆలోచించనే లేదు. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. నిలువు ట్యాంకు అసలు పనికిరాదా? గప్పీలను కూడా కొత్త ట్యాంకులోకి మార్చవచ్చా?

పిల్లల తొట్టి (సమాధానం):

ఏంజెల్ చేపలతో గుడ్లు పెట్టించి పిల్లలు తీసేవాడిని కనుక, ట్యాంకు కొలతతో పాటు చేపల సంఖ్య గురించి కూడా చెప్పవలసి ఉంది. నీటితోట గారి సమాధానంతో దాదాపు ఏకీభవిస్తాను గాని, 191 లీటర్లలో నాలుగూ చివరిదాకా కలిసి ఉంటాయని ముందే మాట ఇవ్వలేము. పిల్లలుగా ఉన్నప్పుడు ఏది ఆడదో ఏది మగదో తెలియదు. ఎనిమిది పది నెలల వయసులో వాటిలో రెండు జత కడితే అసలు కథ మొదలవుతుంది.

ఆ జత గుడ్లు పెట్టడానికి అమెజాన్ స్వోర్డ్ అనే నీటి మొక్క వెడల్పాటి ఆకునో, ఫిల్టర్ గొట్టాన్నో, గాజు పలకనో ఎంచుకుంటుంది. రెండూ మార్చి మార్చి దాన్ని నోటితో గీకి శుభ్రం చేస్తాయి. అప్పటి నుంచి ట్యాంకులో సగం వాటిదే. మిగిలిన రెండు చేపలు నీటి మట్టం దగ్గర ఒక మూలకు చేరి, తల పైకెత్తి, రెక్కలు ముడుచుకొని ఉంటాయి, మేత వేసినా కిందికి దిగవు. మీ ట్యాంకులో ఈ దృశ్యం కనిపించిన రోజున జతను గానీ మిగిలిన రెండింటినీ గానీ వేరు చేయండి, వాటంతట అవే సర్దుకుంటాయని ఎదురుచూడవద్దు. రెండడుగుల ట్యాంకులో అయితే ఆ రెండు చేపలకు మూల కూడా మిగలదు, రెక్కలు చినిగి, మేత మానేసి పోతాయి. అడుగు నుంచి పైదాకా పెరిగే మొక్కలనో, నిలువుగా నాటిన చెట్టు వేళ్లనో మధ్యలో పెట్టి చూపుకు అడ్డు కల్పిస్తే మూడడుగుల ట్యాంకులో తగాదాలు చాలావరకు తగ్గుతాయి.

గప్పీలను మార్చవద్దు. ఏంజెల్ నోటిలో పట్టే చేప ఏదైనా దానికి మేతే. గప్పీ పిల్లలు వెంటనే పోతాయి, చిన్న మగ గప్పీలు తరువాత పోతాయి. నియాన్ టెట్రాలదీ అదే గతి. టైగర్ బార్బులను కలిపితే అవి ఏంజెల్ రెక్కలను కొరుకుతాయి. కోరిడోరాస్ చేపలు అడుగున తిరుగుతాయి కనుక వాటిని అర డజను పెట్టుకోవచ్చు.

నీటితోట:

నిలువు ట్యాంకు గురించి అడిగారు. 2×1×2 అడుగులదానిలో 113 లీటర్లు పడతాయి, అంటే లీటర్లలో 3×1×1.5 దానికి పెద్దగా తీసిపోదు. కాని గాలి తగిలే నీటి ఉపరితలం రెండు చదరపుటడుగులే. 3×1×1.5 దానికి మూడు, నేను చెప్పిన ట్యాంకుకు నాలుగున్నర. నీటిలోకి ఆమ్లజని (ఆక్సిజన్) చేరేది ప్రధానంగా ఆ ఉపరితలం నుంచే. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆమ్లజని తగ్గుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఇమిడేది 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. ఈ చేపకు 26 నుంచి 28 డిగ్రీలు హాయి. మీ విజయవాడ ఎండల్లో మే నెలలో గదిలోని నీరు 32 దాటడం వింతేమీ కాదు, దానికి కరెంటు కోత తోడైతే నిలువు ట్యాంకులోని చేపలే ముందుగా పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచండి, పగటిపూట మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పండి. పైగా రెండడుగుల లోతులో ఇసుక శుభ్రం చేయాలంటే చేయి అడుగుదాకా అందదు. రెండడుగుల ఎత్తు నిజంగా అవసరమయ్యేది పన్నెండు అంగుళాల దాకా ఎత్తు పెరిగే ఆల్టమ్ అనే మరో ఏంజెల్ జాతికి, అప్పుడైనా పొడవు నాలుగడుగులు ఉండాలి.

ఫిల్టర్ గంటకు 700, 800 లీటర్లు తిప్పేది చాలు. నీరు దూకుడుగా వస్తే ఏంజెల్ ఎదురీదలేక అలసిపోతుంది కనుక నీరు బయటికి వచ్చే గొట్టాన్ని గాజువైపు తిప్పండి. వారానికి పాతిక శాతం నీరు మార్చాలంటే పెద్ద బకెట్లు మూడు పడతాయి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక దాన్ని తొలగించే మందు కలిపిన తరువాతే పోయండి.

కొత్త ట్యాంకు రాగానే చేపలను అందులోకి మార్చవద్దు. చేపల మలంలోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా కొత్త ఫిల్టర్‌లో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీకు ఇప్పటికే నడుస్తున్న ట్యాంకు ఉండడం ఇక్కడ కలిసివచ్చే విషయం. ఆ ఫిల్టర్‌లోని స్పాంజిలో సగం కోసి, ట్యాంకు నీటిలోనే ఒక్కసారి ముంచి తీసి, ఆరనివ్వకుండా కొత్త ఫిల్టర్‌లో పెట్టండి. అమ్మోనియా, నైట్రైటు రెండూ పరీక్షలో సున్నా చూపించాక ముందు రెండు చేపలను, వారం గడిచాక మిగిలిన రెండింటిని మార్చండి.