జైలు రోజుల ‘క్రెడిట్’: జమ అనాలా, చెల్లు అనాలా?

శాన్‌హోసే దుభాషి:
అందరికీ నమస్కారం. ఒక్క మాట కోసం వచ్చాను, ఆ ఒక్క మాటే రెండు వారాలుగా నన్ను తినేస్తోంది. కాలిఫోర్నియా కోర్టుల్లో తెలుగువాళ్ళ కోసం దుభాషిగా వెళ్తుంటాను. మొన్న ఒక కేసు, వివరాలు మార్చి చెబుతున్నాను. యాభై దాటిన మనిషి, ప్రొబేషన్ మీద, అంటే కోర్టు పెట్టిన షరతులతో బయట ఉన్నాడు, ఏదో షరతు తప్పాడు, మళ్ళీ పట్టుకొచ్చి జడ్జి ముందు నిలబెట్టారు. జడ్జిగారు గడగడా చదువుకుంటూ పోయి, ‘మీకు 120 రోజుల క్రెడిట్ ఉంది, దాన్ని వదులుకుంటారా’ అని అడిగారు. క్రెడిట్ తెలియనివాళ్ళెవరులే అనుకుని నేనూ క్రెడిట్ అనేశాను. ఆయన నా వైపు తిరిగి, ‘అప్పేమిటండీ, ఫైను మొత్తం కట్టేశానుగా’ అన్నాడు.

తప్పు ఆయనది కాదు. మన ఇళ్ళల్లో క్రెడిట్ అంటే ఒకటి అప్పు, రెండు బ్యాంకు మెసేజీలో పడే డబ్బు, మూడు ‘ఆ క్రెడిట్ అంతా మా ఆవిడదే’ అన్నప్పుడు వచ్చే పేరు. జైల్లో గడిపిన రోజుల్ని శిక్షలోంచి తగ్గించడం అనే నాలుగో అర్థం తెలుగింట ఎవరికీ అవసరం పడలేదు. దీనికి మీరైతే ఏమంటారు? ఒకటి గుర్తుపెట్టుకోండి, దుభాషికి వివరించే హక్కు లేదు, జడ్జి అన్నది అన్నట్టు చెప్పాలి, కాబట్టి వ్యాసం కాదు, చిన్న మాట కావాలి.

తెనాలి వకీలు:
మా దగ్గర దీన్ని సెట్ఆఫ్ అంటాం, అంతే. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 428వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 468. దర్యాప్తులోనో విచారణలోనో రిమాండ్‌లో ఉన్న రోజులు శిక్షలోంచి పోతాయి. ఫైను కట్టనందుకు వేసే జైలుకు మాత్రం ఇది వర్తించదు. యావజ్జీవం పడినవాళ్ళకూ వర్తిస్తుందని 1985లో భగీరథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగులో రాయాల్సి వస్తే ‘రిమాండ్ కాలాన్ని శిక్షలో మినహాయించాలి’ అని రాస్తాం. మినహాయింపు అనండి, గొడవ వదిలిపోతుంది.

శాన్‌హోసే దుభాషి:
వకీలుగారూ, మినహాయింపు నేను వాడి చూశాను. ‘మీకు 120 రోజుల మినహాయింపు ఉంది’ అంటే వినేవాడికి శిక్ష నుంచి తప్పించేశారన్నట్టు వినిపిస్తుంది. టోల్ గేటు దగ్గర మినహాయింపు, ఇన్‌కమ్ ట్యాక్సులో మినహాయింపు, ఆ వరసలోకి పోతుంది. మొహం వెలిగిపోయింది పాపం, తర్వాత మళ్ళీ చల్లారింది.

ప్రామిసరీ నోటు:
జమ అనండి. జమాఖర్చులు మనకు కొత్తా? ‘120 రోజులు మీ లెక్కలో జమ అయ్యాయి’.

గుంటూరు మిర్చి:
జమ అంటే కలిపేదా, తీసేదా? మా నాన్నకు చెబితే ‘అయ్యో, శిక్షకు ఇంకో 120 రోజులు జమ చేశారా’ అంటాడు.

ప్రామిసరీ నోటు:
అదీ నిజమే, ఆ ముక్క నాకు తట్టలేదు. అయితే ‘చెల్లు’. నా పేరు చూసే అనుకుంటారేమో గానీ నిజంగానే చెబుతున్నా, మా తాతగారు వడ్డీ వ్యాపారం చేసేవారు, ఎవరైనా లక్షలో పది వేలు తెచ్చి ఇస్తే నోటు వెనక తేదీ వేసి, సంతకం చేయించుకుని, చెల్లు రాసేవారు. నోటుకు మూడేళ్ళ గడువు కదా, గడువు దాటకముందే చెల్లు పడితే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు, అందుకని చెల్లు రాయించుకోవడానికి అప్పు ఇచ్చినవాడికే ఎక్కువ తొందర. జైలు శిక్షను బాకీ అనుకోండి. ఏడాది బాకీ, అందులో 120 రోజులు ముందే కట్టేశాడు, నోటు వెనక 120 చెల్లు. ఇంగ్లీషులో క్రెడిట్ అనడం వెనక ఉన్నదీ ఇలాంటి లెక్కే కదా.

గుంటూరు మిర్చి:
మాట బాగుంది, కానీ కోర్టు గదిలో ‘మీ 120 రోజులు చెల్లాయి’ అంటే? కాలం చెల్లిన మందులు, చెల్లని నోటు, అక్కడితో ఆగినా సరే, ‘నూకలు చెల్లాయి’ అన్నది ఒకటి ఉందిగా. జడ్జి ముందు నిలబడ్డవాడికి ‘చెల్లాయి’ అని వినపడితే గుండె ఆగుతుంది.

తెనాలి వకీలు:
😄 మా బార్ అసోసియేషన్‌లో చెప్పాలి ఇది.

శాన్‌హోసే దుభాషి:
చెల్లాయి అనకుండా ‘చెల్లు పడ్డాయి’, ‘చెల్లు రాశారు’ అంటే ఆ భయం ఉండదనుకుంటా. ‘చెల్లు’ పక్కన వచ్చే క్రియే అంతా చేస్తోంది. థాంక్సండీ, ఇది నాకు తట్టలేదు.

అయితే నా కష్టం సగమే తీరింది. ఆ రోజు అసలు ప్రశ్న ‘వదులుకుంటారా’ అన్నది. ఎవరైనా తన రోజులు తనే ఎందుకు వదులుకుంటాడు అని మీకూ అనిపిస్తుంది, ఆయనకీ అదే అనిపించింది. ఇక్కడ ప్రొబేషన్ ఇస్తూనే షరతుగా కౌంటీ జైలు, అంటే స్థానిక జైలు కూడా వేయొచ్చు, కానీ ఫెలనీ (పెద్ద నేరం) కేసులో ఆ జైలు మొత్తం ఏడాది దాటకూడదని మామూలు లెక్క. ఈయన 120 రోజులు ఉండి వచ్చాడు. షరతు తప్పాక జడ్జి ప్రొబేషన్ రద్దు చేసి స్టేట్ జైలుకు పంపొచ్చు, లేదా ఇంకొన్నాళ్ళు కౌంటీ జైల్లో పెట్టి మళ్ళీ ప్రొబేషన్ మీదే ఉంచొచ్చు. రెండోదానికి ఆ ఏడాదిలో ఇంకా మిగిలింది 245 రోజులే. అది చాలదని జడ్జికి అనిపిస్తే, పాత రోజులు వదులుకుంటే నిన్ను స్టేట్ జైలుకు పంపను, మళ్ళీ ఏడాది దాకా ఇక్కడే ఇస్తాను, అన్నది బేరం. 1978 నాటి జాన్సన్ కేసు పేరు మీద లాయర్లు దీన్ని జాన్సన్ వేవర్ (వదులుకోవడం) అంటారు. మెలిక తర్వాత ఉంది. మళ్ళీ షరతు తప్పి ఈసారి నిజంగానే స్టేట్ జైలుకు పోతే, ఆ వదులుకున్న 120 తిరిగి రావు. ఆర్నాల్డ్ కేసులో 2004లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది, స్టేట్ జైలు పడితే మాత్రం ఆ రోజులు నాకే ఉండాలని వదులుకునేటప్పుడే విడిగా ఒప్పందం చేసుకుని ఉంటే తప్ప. ఇంత పెద్ద సంగతి ఒక్క ‘ఎస్’ మీద నడుస్తుంది, ఆ ఎస్ నా నోటి గుండా పోతుంది. టెన్షన్ ఎందుకో అర్థమైందిగా.

కరీంనగర్ మాస్టర్:
ఇప్పుడే చదివిన. రెండు ముక్కలు. మొదటిది, ప్రొబేషన్ అన్న మాటే మనోళ్ళకు ఉద్యోగానిది. ‘ప్రొబేషన్ డిక్లేర్ అయ్యిందా’ అని అడిగితే ఏ సర్కారు ఉద్యోగైనా సంబురంగ చెప్తడు. శిక్షకు బదులు మంచి నడవడి బాండు మీద వదలడం అన్నది మన దేశపు 1958 ప్రొబేషన్ చట్టంల ఉన్నది, జనం నోట్లె లేదు. రెండోది, లెక్కలకు రాని రోజులకు మీ దగ్గర ఏదన్న మాట ఉన్నదా?

శాన్‌హోసే దుభాషి:
ఉంది మాస్టారూ, ఇక్కడి ఖైదీలు వాటిని ‘డెడ్ టైమ్’, చచ్చిన కాలం అంటారు.

కరీంనగర్ మాస్టర్:
మనకు అంతకంటె మంచిది ఉన్నది, దండుగ. ఇప్పుడు వృథా అని వాడుతున్నం గని, దండుగ అంటే ముందు జరిమానా, దండం నుంచి వచ్చింది. కట్టిన జరిమానా ఎట్లా తిరిగిరాదో అట్లనే ఆ రోజులు. ‘వదులుకుంటే ఆ 120 రోజులు దండుగే’ అంటే మా ఊర్ల ముసలవ్వకు గూడ తెలుస్తది.

ప్రామిసరీ నోటు:
శిక్ష మాటే నష్టం మాట అయిపోయిందన్నమాట. ఇది నేను దాచుకుంటున్నా.

తెనాలి వకీలు:
మాస్టారు 1958 చట్టం ఎత్తారు కాబట్టి ఒక చిన్న విషయం. దాని 9వ సెక్షన్ ప్రకారం షరతు తప్పితే కోర్టు అసలు నేరానికి శిక్ష వేయొచ్చు, మొదటిసారి అయితే బాండు అలాగే ఉంచి యాభై రూపాయలకు మించకుండా పెనాల్టీతో సరిపెట్టొచ్చు. యాభై! చట్టంలో ఇప్పటికీ అంతే ఉంది. ఇక శిక్షే పడిందనుకోండి, మన సెట్ఆఫ్ సెక్షన్ అక్షరాలా చూస్తే దోషిగా తేల్చిన తేదీకి ముందు గడిపిన రోజుల గురించే మాట్లాడుతుంది. ఇక్కడ దోషి అని తేలాకే కదా ప్రొబేషన్ ఇచ్చేది. అంటే తొలి రిమాండ్ రోజులు సరే, షరతు తప్పాడని మళ్ళీ పట్టుకున్నాక లోపల ఉన్న రోజుల మీద వాదన చేసుకోవాల్సిందే. మీ అమెరికా లెక్కే నయమేమో.

శాన్‌హోసే దుభాషి:
అన్నిచోట్లా నయం కాదు వకీలుగారూ, రాష్ట్రానికో లెక్క. టెక్సస్‌లో ప్రొబేషన్ షరతుగా గడిపిన జైలు రోజుల్ని తర్వాతి శిక్షలో లెక్కపెట్టక్కర్లేదని చట్టంలోనే రాసుకున్నారు. కాలిఫోర్నియాలో అవి లెక్కకొస్తాయి. డాలస్‌లో పనిచేసే దుభాషికి ‘దండుగ’ నాకంటే ఎక్కువ అవసరం.

గుంటూరు మిర్చి:
ఇంతకీ ఏం ఖాయం చేసుకున్నారు?

శాన్‌హోసే దుభాషి:
నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నా: ‘మీరు ఇప్పటికే జైల్లో ఉన్న 120 రోజులు మీ శిక్షలో చెల్లు పడ్డాయి. ఆ చెల్లు వదులుకుంటారా?’ దండుగ మాత్రం జడ్జి అననిది నేను అనకూడదు, అది ఆయన లాయరు చెప్పాలి, లాయరు చెబితే అప్పుడు తెలుగు చేస్తాను. సత్ప్రవర్తనకు అదనంగా కలిపే రోజులు వేరే ఉన్నాయి, కౌంటీ జైల్లో రెండు రోజులుంటే నాలుగు రోజులు ఉన్నట్టు లెక్క. దానికి మాట రేపు అడుగుతాను, ఇవాళ్టికి మీ ఓపిక అయిపోయింది.

ప్రామిసరీ నోటు:
రెండుకి నాలుగా! మా తాతగారు కూడా అంత వడ్డీ తీసుకోలేదండీ.