తార్తులో రెండేళ్ల చదువుకి ఎస్తోనియన్ నేర్చుకోవడం దండగేనా?

నిడదవోలు_నాని:
అందరికీ నమస్తే. ఎస్తోనియాలోని తార్తులో మాస్టర్స్, మొదటి సెమిస్టర్. క్లాసులన్నీ ఇంగ్లీషులోనే. ఎస్తోనియన్ ఎ1 (మొదటి మెట్టు) ఎలక్టివ్‌గా తీసుకుందామంటే మా రూమ్మేట్ ఒప్పుకోవట్లేదు. "దేశం మొత్తం కలిపినా 13, 14 లక్షల జనం. ఆ టైమ్‌లో ఒక ప్రాజెక్ట్ చేసుకో" అంటాడు. సీనియర్లు ఏమంటారు?

బగ్‌ఫిక్స్_బాబాయ్:
మీ రూమ్మేట్ తెలివైనవాడు. రాజధాని తాల్లిన్‌లో నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నా. నాకు వచ్చింది రెండే ముక్కలు, తేరె, ఐతా. నమస్కారం, థాంక్స్. వాటితోనే బండి నడుస్తోంది. నువ్వు కష్టపడి ఒక వాక్యం కూడబలుక్కుని అన్నావనుకో, అవతలివాళ్లు నీ మీద జాలిపడి ఇంగ్లీషులోకి దిగిపోతారు. ఇక ఇక్కడ రష్యన్ మాట్లాడేవాళ్లు ఎక్కువుండే లస్నమ్యే పేట వైపు ఇల్లు తీసుకుంటే మెట్ల మీద వినపడేది రష్యనే. 14 విభక్తులు బట్టీ పట్టి ఎవరితో మాట్లాడతావ్ తమ్ముడూ?

మంచులో_మల్లెపూలు:
బాబాయ్ గారూ, 14 అనగానే పిల్లాడిని హడలగొట్టేశారు. తెలుగువాళ్లం మనం భయపడాల్సింది కాదది. తార్తుస్ అంటే తార్తులో, తార్తుస్త్ అంటే తార్తు నుంచి. ఎమగా అంటే అమ్మతో. మనలాగే మాట చివర తోక తగిలిస్తారు, అంతే. పైగా లింగభేదం లేదు. "అతను", "ఆమె" రెండింటికీ తెమా ఒక్కటే. నా క్లాసులో మిగతా దేశాలవాళ్లు తల పట్టుకుంటుంటే నాకు చిన్నప్పటి "డు, ము, వు, లు" గుర్తొచ్చి నవ్వొచ్చింది.
నాని, ఇక్కడ ఉండిపోయే ఆలోచన రవ్వంత ఉన్నా మొదలుపెట్టెయ్. అయిదేళ్ల తర్వాత దీర్ఘకాల నివాస అనుమతికి అడిగేది బి1, అంటే మధ్యస్థాయి భాష. ఉద్యోగం, పిల్లలు వచ్చాక పుస్తకం పట్టుకోవడం ఎంత కష్టమో నన్నడుగు.

ఓరుగల్లు_ఓపిక:
అక్క చెప్పింది సగమే నిజం. తోకలు సరే, తోక తగిలేముందు మాటే మారిపోతుంది కదా! యొగి అంటే నది, "నది యొక్క" అనాలంటే యొయె. (ఆ ఒ కూడా మన ఒ కాదు, నోట్లో ఎక్కడో ఇరుక్కునే శబ్దం.) ఇంకా సాగతీత. మనకి హ్రస్వం, దీర్ఘం రెండే. వీళ్లకి మూడు. లిన అంటే అవిసె నార. న్న ఒత్తితే "పట్టణం యొక్క", ఇంకాస్త ఒత్తితే "పట్టణంలోకి". చివరి రెండూ రాతలో ఒకటే! ఏడాదిన్నర అయింది, నా చెవికి ఇప్పటికీ తేడా తెలియదు. అయినా నేర్చుకోమనే అంటాను. హోటల్ కిచెన్‌లో పార్ట్‌టైమ్ చేశాను. అందరూ నాతో ఇంగ్లీషే, కానీ వాళ్లలో వాళ్లు నవ్వుకునేది ఎస్తోనియన్‌లో. మూడు నెలలు గోడలా నిలబడ్డా.

బగ్‌ఫిక్స్_బాబాయ్:
గోడలా నిలబడ్డందుకు జీతం తగ్గించారా? ఫ్రెషర్‌కి ముందు ఉద్యోగం. భాష తర్వాత.

మంచులో_మల్లెపూలు:
అన్ని ఉద్యోగాలూ మీ కోడింగ్ లాంటివి కావండీ. నర్సు, టీచర్, కౌంటర్ మీద పని, ఏదైనా సరే భాష లేకపోతే తలుపు తెరుచుకోదు. ఇంకో మాట. నాని చదివే ఊళ్లో యూనివర్సిటీ పెట్టింది 1632లో. అందులో పాఠాలు ఎస్తోనియన్‌లోకి మారింది 1919లో. అంతకుముందు లాటిన్, జర్మన్, రష్యన్. అన్నాళ్లు గుమ్మం బయట నిలబడ్డ భాష కాబట్టే, బయటివాడు నాలుగు ముక్కలు మాట్లాడితే వీళ్ల మొహం మారుతుంది. మా ఇంటి ఓనరమ్మ నాకు బంగాళాదుంప సలాడ్ పెట్టింది ఆ నాలుగు ముక్కల తర్వాతే.

ఓరుగల్లు_ఓపిక:
ఎలక్టివ్ కుదరకపోతే కేలెక్లిక్ ఉంది తమ్ముడూ. ఆన్‌లైన్‌లో ఫ్రీ, ఇంగ్లీషులో చెబుతుంది. ఎవరైనా ఇంగ్లీషులోకి మారితే "మా ఒపిన్ ఏస్తి కేల్త్" అను. ఎస్తోనియన్ నేర్చుకుంటున్నానని. చాలామంది ఆగి, నెమ్మదిగా మాట్లాడతారు.

నిడదవోలు_నాని:
థాంక్స్ అందరికీ. ఎలక్టివ్ తీసేసుకున్నా. నిన్న సూపర్ మార్కెట్‌లో బిల్లు వేసే ఆవిడ "కస్ కొట్టి సోవితే?" అంది. కొట్టి ఏంటి, నేనేం చేశానని రెండడుగులు వెనక్కి వేశా. సంచి కావాలా అని అడిగిందట.